వెనక తలుపు తాళం

అధ్యక్షులకు, వేదిక మీది పెద్దలకు, మీ అందరికీ నమస్కారం.

ఈ రోజు ప్రపంచ వినియోగదారుల హక్కుల దినోత్సవం. 1962లో ఇదే మార్చి 15న అమెరికా అధ్యక్షుడు కెనెడీ అక్కడి కాంగ్రెస్‌కు పంపిన సందేశంలో నాలుగు హక్కులు చెప్పారు. భద్రత, సమాచారం, ఎంపిక, మన గోడు వినిపించుకునే హక్కు. నాలుగూ నాకూ కావాలి. కానీ ఆ నాలుగూ కొనేవాళ్లవే. ఆ వస్తువు తయారుచేసిన మనిషి ఊసు అందులో లేదు. నేను మాట్లాడదామని వచ్చింది ఆ మనిషి గురించి. ఇచ్చిన అంశం నుంచి కాస్త పక్కకు పోతే మన్నించండి.

ఒక్క పని చేయండి. పక్కన మీవాళ్లుంటే వాళ్ల కాలర్ వెనక లేబుల్ చూడండి. సైజు ఉంటుంది. ఏ బట్టో ఉంటుంది. ఎలా ఉతకాలో, ఇస్త్రీ ఎంత వేడి మీద చేయాలో బొమ్మలేసి మరీ చెబుతారు. చాలావాటి మీద దేశం పేరు కూడా ఉంటుంది. ఏ ఫ్యాక్టరీలో కుట్టారో మాత్రం ఉండదు.

ఆ లేబుళ్లు నేను కుట్టాను. మూడేళ్లు, ఒక ఎగుమతి ఫ్యాక్టరీలో. చొక్కా మొత్తం ఒకరే కుట్టరు. ఒకరు కాలర్, ఒకరు కఫ్, ఒకరు జేబు. నా దగ్గరికి వచ్చేసరికి లేబుల్ మధ్యలో పెట్టి, రెండు వైపులా కుట్టేసి, పక్కకు తోసేయాలి. గంటకు ఇన్ని అని టార్గెట్. సూపర్‌వైజర్ గంటగంటకూ బోర్డు మీద అంకె రాసేవాడు. అంకె తగ్గితే పేరు పెట్టి అరిచేవాడు. నీళ్లు తాగితే బాత్‌రూమ్‌కి లేవాలి, లేస్తే అంకె తగ్గుతుంది. అందుకని నీళ్లు తాగడం తగ్గించుకున్నాం.

మా హాలుకు వెనక ఒక తలుపుండేది. ఎప్పుడూ తాళమే. సరుకు దొంగతనంగా బయటికి పోతుందని. కొనే కంపెనీ తరఫున తనిఖీకి వస్తున్నారంటే మాత్రం ముందు రోజు రాత్రే తాళం తీసేవాళ్లు. మాకు మాస్కులు ఇచ్చేవాళ్లు, బాత్‌రూమ్‌లో సబ్బు పెట్టేవాళ్లు. ఒకసారి తనిఖీకి వచ్చినావిడ నా మెషీన్ దగ్గర ఆగి, ‘ఈ తలుపు ఎప్పుడూ తెరిచే ఉంటుందా?’ అని అడిగింది. ఆవిడ వెనకే సూపర్‌వైజర్ నిలబడి ఉన్నాడు. ‘ఉంటుందండీ’ అన్నాను. మర్నాడు పొద్దున మేం వెళ్లేసరికి తాళం మళ్లీ వేలాడుతోంది.

ఆ మాట ఇన్నేళ్లుగా నన్ను వదలడం లేదు. 1911 మార్చి 25న న్యూయార్క్‌లో ట్రయాంగిల్ అనే బట్టల ఫ్యాక్టరీ తగలబడి 146 మంది చనిపోయారు. అక్కడా మెట్ల దారి తలుపు ఒకటి తాళం వేసి ఉంది. దొంగతనాల భయమే కారణం. ఆ సంగతి చదివిన రోజు నాకు నిద్ర పట్టలేదు.

రాణా ప్లాజా మీలో చాలామందికి గుర్తుండే ఉంటుంది. ఢాకా దగ్గర సావార్‌లో ఎనిమిది అంతస్తుల భవనం. ముందు రోజు గోడలు బీటలు వారాయి. అందులోని బ్యాంకు తన సిబ్బందిని పంపించేసింది. బట్టలు కుట్టేవాళ్లను మాత్రం మర్నాడు పనిలోకి రమ్మన్నారు. 2013 ఏప్రిల్ 24న భవనం కూలింది. 1,100 మందికి పైగా చనిపోయారు. అక్కడ ఎవరి కోసం కుడుతున్నారో తేల్చడానికి శిథిలాల్లో లేబుళ్లు ఏరాల్సి వచ్చింది. లేబుళ్లండీ. నేను కుట్టినలాంటివే. బాధితుల పరిహార నిధి పూర్తిగా నిండేసరికి 2015 జూన్ అయింది.

ఇక బాధ్యత సంగతి. చవక బట్ట కొన్నవాళ్లను దోషుల్లా నిలబెట్టే మాటలు నాకు నచ్చవు. ఫ్యాక్టరీలో ఉన్నప్పుడు నేనూ చవకవే కొన్నాను, చేతిలో అంతే ఉండేది. ఎక్కువ ధర పెట్టి కొంటే ఆ డబ్బు కుట్టినవాళ్లకు చేరుతుందన్న నమ్మకమూ లేదు. తాళం వేసింది యజమాని. ఇంత తక్కువకు, ఇంత త్వరగా కావాలని పట్టుబట్టింది కంపెనీ. ఆ బరువంతా కొనేవాళ్ల నెత్తిన పెడితే వాళ్లిద్దరూ తప్పించుకుంటారు.

అలాగని ఊరుకోమనడం లేదు. అమెరికాలో 1899లో ఏర్పడిన నేషనల్ కన్స్యూమర్స్ లీగ్, ఫ్లోరెన్స్ కెల్లీ నాయకత్వంలో, తనిఖీలో నెగ్గిన ఫ్యాక్టరీల లోదుస్తులకు తెల్ల లేబుల్ ఇచ్చి, అది ఉన్నవే కొనమని ఆడవాళ్లను కూడగట్టింది. రాణా ప్లాజా కూలిన నెల లోపే కంపెనీలు, కార్మిక సంఘాలు కలిసి భవనాల భద్రత మీద ఒప్పందం చేసుకున్నాయి. చట్టబద్ధంగా కట్టుబడాల్సిన ఒప్పందం అది. తర్వాత 200కు పైగా కంపెనీలు అందులో చేరాయి. సంఘాలు పట్టుబట్టాయి, కొనేవాళ్లు బయట గొంతు కలిపారు. ఒక్కొక్కరం అల్మారా ముందు నిలబడి బాధపడితే ఇది జరిగేది కాదు. మా ఫ్యాక్టరీలో సంఘం లేదు. ఉండి ఉంటే ఆ రోజు నేను నిజం చెప్పేదాన్నేమో.

టైమ్ అయిందని అధ్యక్షులు చీటీ పంపారు. ఒక్క నిమిషం ఇవ్వండి. బయట బల్ల మీద ఉత్తరాలు పెట్టాను. అందులో ఉన్నవి రెండే ప్రశ్నలు. మీ బట్టలు కుట్టే ఫ్యాక్టరీల పేర్లేమిటి? అక్కడి కార్మికులు సంఘం పెట్టుకోవచ్చా? మీరు వేసుకున్న బట్ట ఏ కంపెనీదో చూసి, ఆ పేరు పైన రాసి, కింద సంతకం పెట్టండి. పెన్నులు అక్కడే ఉన్నాయి. కవర్లు అంటించి పోస్టు చేసే పని నాది.