మటన్ ఫ్రిజ్‌లో పెట్టేశాం కదా, ఇంకేం భయం?

నమస్కారమండీ. మే నెల, తిరుపతి, గంగమ్మ జాతర. ఈ మూడూ కలిస్తే మన ఇళ్లలో ఏమవుతుందో మీకు తెలిసిందే. కొండ మీదికి మాంసం వెళ్లకూడదు. కొండ కింద మాత్రం జాతర ఆఖరికి వచ్చేసరికి ఏ పొయ్యి మీద చూసినా అదే. మనం తెచ్చుకున్న మటన్ ఒకటి, మొక్కు తీర్చుకున్న పక్కింటివాళ్లు ఇచ్చింది ఒకటి, మేనత్త వాళ్లు పంపిన నాటుకోడి ఇంకొకటి. బయటేమో ఎండ 40 డిగ్రీలు. అప్పుడు అందరూ అడిగేది ఒకటే. ఫ్రిజ్‌లో పెడితే ఎన్ని రోజులు ఉంటుంది?

రోజుల సంగతి చెప్తాను. కానీ ముందు గంటలు లెక్కపెట్టండి. అంగట్లో కోసినప్పటి నుంచి ఫ్రిజ్‌లోకి వెళ్లేదాకా ఎన్ని గంటలు? కూర పొయ్యి మీంచి దించినప్పటి నుంచి ఫ్రిజ్‌లోకి వెళ్లేదాకా ఎన్ని గంటలు? మాంసం మనల్ని ఇబ్బంది పెట్టేది ఎక్కువగా ఈ రెండు చోట్లే. ఆ టైంలో పెరిగిపోయిన బ్యాక్టీరియాను ఫ్రిజ్ చంపదు, ఇంకా పెరగడాన్ని నెమ్మది చేస్తుంది, అంతే.

లెక్క చూడండి. 5 డిగ్రీల నుంచి 60 డిగ్రీల మధ్య బ్యాక్టీరియా బాగా పెరుగుతుంది. అనుకూలంగా ఉంటే 20 నిమిషాలకు ఒకటి రెండవుతుంది. గంటకు ఎనిమిది. నాలుగు గంటలకు ఆ ఒక్కటే 4096. అందుకే వండిన ఆహారం రెండు గంటలకు మించి బయట ఉండకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్తుంది. 32 డిగ్రీలు దాటిన వేడిలో అయితే గంటే అని అమెరికా ఆహార భద్రత లెక్క. మన చిత్తూరు, తిరుపతి ఎండాకాలానికి ఆ గంట లెక్కే సరిపోతుంది.

ఇప్పుడు మనం ఆదివారం ఏం చేస్తాం? క్యూ ఎక్కువవుతుందని పొద్దున్నే మటన్ అంగడికి వెళ్తాం. నల్ల కవర్లో కట్టించుకుని స్కూటర్ డిక్కీలో పడేస్తాం. తర్వాత కూరగాయలు, తర్వాత టిఫిన్, దారిలో ఎవరో కనబడితే అరగంట కబుర్లు. ఎండలో డిక్కీ ఎంత కాలుతుందో చెయ్యి పెడితే తెలుస్తుంది. క్యూ ఉన్నా సరే, మటన్ ఆఖర్న కొనండి, నేరుగా ఇంటికి రండి. మూతున్న స్టీలు డబ్బా తీసుకెళ్తే ఇంకా మంచిది.

కడిగే విషయానికి వద్దాం. చికెన్ కడగొద్దని బయటి దేశాలవాళ్లు చెప్తారు, తుంపర్లతో పాటు బ్యాక్టీరియా సింకంతా పడుతుందని. వాళ్లు చెప్పిన కారణం నిజమే. కానీ మనకు అంగట్లో కొట్టిచ్చిన కోడిలో ఈకలుంటాయి, ఎముక ముక్కలుంటాయి, కడగకుండా ఎవరూ వండరు. కుళాయి కింద పెట్టి ధారగా కడగకండి. గిన్నెలో నీళ్లు పోసి నిదానంగా కడిగి, ఆ నీళ్లు మెల్లగా పారబోసి, సింకు, చేతులు సబ్బుతో కడుక్కోండి. పక్కన కొత్తిమీరో, టమాటాలో ఉంటే ముందే తీసేయండి. ఫ్రిజ్‌లో పెట్టబోయే ముక్కలైతే నీళ్లు బాగా ఓడ్చేసి పెట్టండి.

ఫ్రిజ్‌లో ఎక్కడ పెట్టాలి? పచ్చి మాంసం అడుగు అరలో పెట్టమంటారు, రక్తం కారి కింద ఉన్నవాటిమీద పడకుండా. డబల్ డోర్ ఉన్నవాళ్లకు అది సరే. మనలో చాలామందిది సింగిల్ డోర్. అందులో అన్నిటికంటే చల్లగా ఉండేది ఫ్రీజర్ కింద ఉండే ట్రే. అక్కడే పెట్టండి, కానీ గట్టి మూతున్న డబ్బాలో. డోర్ అరల్లో మాత్రం వద్దు. తీసిన ప్రతిసారీ వేడి గాలి ముందు తగిలేది వాటికే. లోపల 4 డిగ్రీలు, అంతకంటే తక్కువ ఉండాలి. ఆ తిప్పే బటన్ మీద ఉండే అంకెలు డిగ్రీలు కావు, చాలా ఫ్రిజ్‌లలో అంకె పెరిగితే చలి పెరుగుతుంది. 4 మీద పెట్టి 4 డిగ్రీలు ఉందనుకునేవాళ్లను నేను చూశాను! చిన్న థర్మామీటర్ ఒకటి కొని లోపల పెట్టుకుంటే ఆ గొడవే ఉండదు.

సరే, రోజులు. పచ్చి చికెన్, ఖీమా, కార్జం, బోటి ఇవన్నీ ఒకటి రెండు రోజులు. మటన్ ముక్కలు మూడు నుంచి ఐదు. ఖీమాకు తక్కువ ఎందుకంటే, ముక్క పైన ఉండే బ్యాక్టీరియా కొట్టినప్పుడు లోపలిదాకా కలిసిపోతుంది. ఇంకో మాట, మటన్ ఒక రోజు ఫ్రిజ్‌లో ఉంటే రుచి పోతుందనుకుంటారు. కోసిన కొన్ని గంటలకు కండ బిగుసుకుంటుంది, తర్వాత అందులోని ఎంజైములే దాన్ని మెత్తబరుస్తాయి. మర్నాడు వండితే ముక్క ఇంకా బాగా ఉడుకుతుంది.

అంతకు మించి ఉంచాలంటే ఫ్రీజర్. ఫ్రీజర్ కూడా బ్యాక్టీరియాను చంపదండీ, నిద్రపుచ్చుతుంది. రెండు కిలోలు ఒకే ముద్దగా పడేస్తే నడిమధ్యకు చలి చేరేసరికి చాలాసేపు పడుతుంది. ఒక పూటకు సరిపడా పొట్లాలు కట్టి, పలచగా పరిచి, గాలి తీసేసి పెట్టండి, పైన తేదీ రాయండి. వండాలనుకున్న ముందురోజు రాత్రే తీసి కింద ఫ్రిజ్‌లోకి మార్చండి. మర్చిపోయారా, టెన్షన్ పడొద్దు. పొట్లం గట్టిగా కట్టి చల్లనీళ్లలో వేసి, అరగంటకోసారి నీళ్లు మార్చి, కరగ్గానే వండేయండి. పొద్దున సింకులో పడేసి ఆఫీసుకు పోయి సాయంత్రం వండటం మాత్రం వద్దు. లోపల గడ్డగానే ఉంటుంది, పైన అప్పటికే గదిలో వేడి పట్టి ఉంటుంది. కరెంటు పోతే తలుపు తీయకండి. మూసే ఉంటే కింద ఫ్రిజ్ నాలుగు గంటలు ఆగుతుంది, నిండుగా ఉన్న ఫ్రీజర్ రెండు రోజులు కూడా ఆగుతుంది.

ఇప్పుడు అసలు సంగతి, వండిన కూర. పచ్చి మాంసం విషయంలో జాగ్రత్తగా ఉండేవాళ్లు కూడా ఇక్కడే దెబ్బతింటారు. జాతర రోజు పెద్ద డేగిసాలో మటన్ పులుసు. రాత్రి అందరూ సంగటితో తిన్నారు, సగం మిగిలింది. మూతపెట్టి పొయ్యి మీదే వదిలేసి పడుకుంటాం. పొద్దున తెర్లేలా కాచి మళ్లీ తింటాం. కాచాం కదా, ఏముంటుంది?

ఉంటుంది. క్లాస్ట్రిడియం పర్ఫ్రింజెన్స్ అని ఒక బ్యాక్టీరియా ఉంది. ఎంత ఉడికినా దాని బీజాలు బతికే ఉంటాయి. పెద్ద గిన్నె నిదానంగా చల్లారేటప్పుడు, 45 డిగ్రీల దగ్గర అవి మొలకెత్తి, పది నిమిషాలకోసారి రెట్టింపు కాగలవు. సరిగా కాగని కూర తింటే ఆరు నుంచి ఇరవై నాలుగు గంటల్లో కడుపునొప్పి, విరేచనాలు. దీన్నైనా మళ్లీ బాగా మరిగిస్తే చంపొచ్చు. స్టెఫిలోకాకస్ అలా కాదు. అది మన చేతుల నుంచే కూరలోకి వస్తుంది. అది చచ్చినా, అది వదిలిన విషం మరిగించినా పోదు. కొన్ని గంటల్లోనే వాంతులు. పైగా కూర వాసన చూస్తే ఏమీ తెలియదు. కుళ్లు వాసన తెచ్చేవి వేరే, మనల్ని పడగొట్టేవి వేరే.

చేయాల్సింది కష్టమేమీ కాదు. తినడానికి కూర్చునే ముందే, రేపటికి కావలసింది వేరే తీసేయండి. లోతు తక్కువున్న వెడల్పు గిన్నెల్లో పోసి, చల్లనీళ్ల టబ్బులో పెట్టి తిప్పుతుంటే అరగంటలో వేడి తగ్గుతుంది. కొంచెం గోరువెచ్చగా ఉన్నా ఫ్రిజ్‌లో పెట్టేయొచ్చు. మూడు నాలుగు రోజుల్లో తినేయాలి, తినేంత వరకే తీసి బాగా కాచుకోవాలి. గిన్నె మొత్తం తీయడం, కాచడం, మళ్లీ లోపల పెట్టడం, ఇది మానుకోండమ్మా. ఇంట్లో గర్భిణులు, పసిపిల్లలు, ముసలివాళ్లు ఉంటే ఇంకా గట్టిగా చెప్తున్నాను.

మరి మన అవ్వలకు ఫ్రిజ్ ఎక్కడిది అంటారా? వాళ్లు ఉప్పుకండ పెట్టేవాళ్లు. మటన్‌ను సన్నగా పొడుగ్గా చీల్చి, ఉప్పు, పసుపు, కారం పట్టించి, ఎండలో వేలాడదీసేవాళ్లు. ఉప్పూ ఎండా కలిసి ముక్కలోని నీటిని లాగేస్తాయి, నీళ్లు లేకపోతే బ్యాక్టీరియా పెరగలేదు. అంటే పని చేసేది ఆ ఎండటమే. ఇప్పుడు చాలామంది కాస్త ఉప్పు, పసుపు రాసి సాయంత్రం దాకా బయట ఉంచుతున్నారు. దానికీ ఉప్పుకండకూ ఏ సంబంధం లేదు. మీరు ఉప్పుకండే పెట్టాలనుకుంటే నడి ఎండల్లో పెట్టండి, ముక్క విరిస్తే టక్కున విరగాలి, లోపల మెత్తగా వంగిందంటే ఇంకా ఎండాలి. మటన్ పచ్చడి అయితే, నూనె పైకి తేలింది కదా అని బయట పెట్టకండి. ఆ సీసా ఫ్రిజ్‌లోనే ఉండాలి.