ఆ 1200 మీ అంకె కాదు: బరువు తగ్గడానికి రోజుకి ఎన్ని కేలరీలు?

(తెరపై పెద్ద అంకె: 1200)

నమస్కారం అండి. రాజోలు నుంచి వచ్చినా, భీమవరం నుంచి వచ్చినా, బరువు తగ్గాలని నా దగ్గరికి వచ్చేవాళ్లలో చాలామంది ముందే ఒక అంకె పట్టుకుని వస్తున్నారు. 1200. "మేడమ్, రోజుకి 1200 కేలరీలే తింటున్నాను. మొదట్లో బాగా తగ్గాను, తర్వాత ఆగిపోయింది. ఇప్పుడు జుట్టు కుచ్చులు కుచ్చులుగా ఊడుతోంది." ఈ మాట వినీ వినీ బాధా వేస్తోంది, కోపమూ వస్తోంది. ఎవరు చెప్పారమ్మా అంటే వాట్సాప్‌లో వచ్చిందంటారు, యాప్ చూపించిందంటారు, మా వదిన తగ్గిందంటారు. మీ వదిన ఎత్తు వేరు, వయసు వేరు, చేసే పని వేరు. ఆవిడ అంకె మీకెలా సరిపోతుందండీ?

కేలరీ అంటే ఏంటో, ఎక్కువ తింటే ఏమవుతుందో మీకు తెలుసు. అవి వదిలేసి నేరుగా లెక్కలోకి వెళ్దాం.

ఇద్దరిని ఊహించుకోండి. ఒకరు అమలాపురం దగ్గర పల్లెలో ఉండే గృహిణి. వయసు 45, ఎత్తు 155 సెంటీమీటర్లు, బరువు 72 కేజీలు. ఇంకొకరు అంబాజీపేటలో కొబ్బరికాయలు ఒలిచే కార్మికుడు. నేలలో పాతిన గునపానికి కాయ గుచ్చి, ఒళ్లంతా వంచి డొక్క ఊడదీయడం, పొద్దుటి నుంచి సాయంత్రం దాకా అదే పని. వయసు 35, ఎత్తు 168, బరువు 70.

(తెరపై లెక్క: బరువు × 10, దానికి ఎత్తు × 6.25 కలపాలి, వయసు × 5 తీసేయాలి. మగవాళ్లయితే 5 కలపాలి, ఆడవాళ్లయితే 161 తీసేయాలి)

ఇది 1990లో వచ్చిన మిఫ్లిన్-సెయింట్ జియోర్ సూత్రం. రోజంతా మంచం మీద కదలకుండా పడుకున్నా శరీరం ఎంత ఖర్చు పెడుతుందో చెబుతుంది. మన గృహిణికి 1303 వస్తుంది, ఆ కార్మికుడికి 1580. దీన్ని చేసే పనినిబట్టి హెచ్చించాలి. ఎక్కువగా కూర్చునే ఉండేవాళ్లకి 1.2, ఇంటిపని, కాస్త నడక ఉన్నవాళ్లకి 1.375, ఒళ్లు వంచి కష్టం చేసేవాళ్లకి 1.725. అప్పుడు ఆవిడ రోజు ఖర్చు సుమారు 1790, అతనిది 2725. అంత తింటే ఉన్న బరువు ఉన్నట్టే ఉంటుంది.

ఇప్పుడు ఆ 1200ని ఈ రెండు అంకెల పక్కన పెట్టి చూడండి. ఆవిడ మంచం దిగకపోయినా అయ్యే ఖర్చు కంటే అది తక్కువ. అతని ఖర్చులో సగం కూడా లేదు. అతను 1200 తిని ఒలుపు పనికి వెళ్తే మధ్యాహ్నానికి గునపం దగ్గర కళ్లు తిరుగుతాయి. అది డైటింగ్ కాదండి, ప్రమాదం.

మరి ఎంత తగ్గించాలి? ఇది అర్థం కావాలంటే దాళ్వా, అంటే రబీ వరి పంట, గుర్తు చేసుకోండి. సార్వాకి, అంటే ఖరీఫ్ పంటకి, గోదారి నిండుగా ఉంటుంది, ఎవరికీ బెంగ ఉండదు. దాళ్వాకి వచ్చేసరికి నదిలో సహజంగా వచ్చే నీరు పడిపోతుంది. అయినా ధవళేశ్వరం ఆనకట్ట దిగువన లక్షల ఎకరాలు తడుస్తున్నాయంటే ఎలా? పైన సీలేరు జలాశయాల్లో నిల్వ ఉన్న నీళ్లు, కరెంటు తీశాక వదిలితే, శబరి నదిలో కలిసి, గోదారిలోకి వచ్చి, ఆ లోటు పూడుస్తున్నాయి.

మీరు తినే తిండి గోదారిలో సహజంగా వచ్చే నీరు. మీ ఒంట్లో పేరుకున్న కొవ్వు సీలేరు. తిండి కొంచెం తగ్గిందనుకోండి, శరీరం సీలేరు నీళ్లు తెచ్చుకుంటుంది, అంటే కొవ్వు కరిగించుకుంటుంది. అన్ని పొలాలూ తడుస్తాయి, మీరు సన్నబడతారు. మనకి కావలసింది అదే.

కానీ సీలేరు నుంచి రోజుకి వచ్చే నీటికి ఒక హద్దు ఉంది. పైన జలాశయం నిండా ఉన్నా ఒక్కరోజులో అంతా దిగిరాదు. కొవ్వు కూడా అంతే. ఒంట్లో 25 కేజీల కొవ్వు ఉన్నా ఒక రోజులో కరిగేది కొంతే. లోటు దానికి మించితే? మన ఇరిగేషన్ వాళ్లు ఏం చేస్తారు? వంతులు పెడతారు, అంటే కాలువలకి ఒకదాని తర్వాత ఒకటిగా నీళ్లు వదులుతారు. వంతులు పెట్టినప్పుడు ముందు ఎండేది ఎవరి చేను? అల్లవరం, ఉప్పలగుప్తం, సఖినేటిపల్లి లాంటి చోట్ల కాలువ చివర ఉండే శివారు పొలాలు. ఏటా దాళ్వాలో ఆ రైతుల గోడు మనం వింటూనే ఉన్నాం.

శరీరానికీ శివారు భూములున్నాయి. గుండెకి, మెదడుకి నీళ్లు ఆపదు, అవి కాలువ మొదట్లో ఉన్న పొలాలు. జుట్టు శివారు. నెలసరి శివారు. కండ శివారు. ఒంట్లో వెచ్చదనం, మెట్లెక్కే ఓపిక, అన్నీ శివారే. అందుకే బాగా కడుపు మాడ్చుకున్నవాళ్లకి రెండు మూడు నెలల తర్వాత దువ్వెన నిండా జుట్టు వస్తుంది, అందరూ ఫ్యాన్ వేసుకుంటే వీళ్లకి చలేస్తుంది, నెలసరి తప్పుతుంది. షాంపూ మారిస్తే ఇది తగ్గదు. కాలువ పైన నీళ్లు లేనప్పుడు శివారులో బోదెలు, అంటే పొలాల్లోని చిన్న కాలువలు, బాగు చేసి లాభమేముంది?

కాబట్టి లోటు చిన్నదిగా ఉండాలి. రోజు ఖర్చులో 15 నుంచి 20 శాతం చాలామందికి సరిపోతుంది. మన గృహిణికి 1790లో సుమారు 290 తీసేస్తే 1500. ఇదీ ఆవిడ అంకె.

(తెరపై: 1790 – 290 = 1500)

ఇంకో మాట. నా ఉద్దేశంలో ఈ వీడియో మొత్తంలో పనికొచ్చే మాట ఇదే. మీ బరువు కొన్ని నెలలుగా ఒకేచోట ఉంటే, మీరు ఇప్పుడు తింటున్నదే మీ రోజు ఖర్చు. సూత్రం పది శాతం అటూ ఇటూ తప్పవచ్చు, మీ ఒళ్లు మాత్రం తప్పు చెప్పదు. అప్పుడు యాప్ అక్కర్లేదు. ఇప్పుడు తింటున్నదాంట్లోంచి 300 తీయగలిగితే చాలు.

ఎక్కడి నుంచి తీస్తాం? ముందు నూనె చూడండి. నెలకి ఇంట్లో ఎన్ని ప్యాకెట్లు అవుతున్నాయి? నలుగురున్న ఇంట్లో నాలుగు లీటర్లు అనుకుందాం. మనిషికి ఒక లీటరు. లీటరు నూనెలో 8200 కేలరీలు ఉంటాయి. ముప్పై రోజులకి పంచితే మనిషికి రోజుకి 270 పైనే. అన్నం కాదు, కూర కాదు, ఒట్టి నూనె. అదే నెలకి మూడు ప్యాకెట్లతో సరిపెడితే ఇంట్లో ప్రతి మనిషికీ రోజుకి దాదాపు 70 తగ్గుతుంది. బాండీలోకి ప్యాకెట్ వంచి పోసే అలవాటు మానేసి గరిటెతో కొలిచి పోస్తే చాలు, ఆ నాలుగో ప్యాకెట్ మిగులుతుంది. చేపల పులుసు రుచి ఏమీ పోదు. వేపుడు వారానికి ఒకసారి చేసుకోండి.

తర్వాత బియ్యం. అన్నం వండాక తూచకండి, ఎంత నీరు పట్టిందో దాన్నిబట్టి బరువు మారుతుంది. ఎసట్లో వేసే ముందు బియ్యం తూచండి. 100 గ్రాముల బియ్యం సుమారు 350 కేలరీలు. రోజు మొత్తంలో మీ వంతు 40 గ్రాములు తగ్గిస్తే 140. పిడికెడు బియ్యం అంతే. ఆ ఖాళీలో ఆనపకాయో, బీరకాయో, తోటకూరో ఇంకో గరిటెడు వేసుకోండి. అన్నం పూర్తిగా మానేసి పుల్కాలు తినమని నేను చెప్పను. డెల్టాలో పుట్టినవాళ్లు అన్నం లేకుండా ఎన్నాళ్లుంటారు? వారానికల్లా విసుగొచ్చి మళ్లీ మొదటికే వస్తారు.

ఇక టీ. రోజుకి మూడు కప్పులు, కప్పుకి రెండు చెంచాల పంచదార వేసుకునేవాళ్లు ఒక చెంచాకి వస్తే 60.

కలపండి. 70, 140, 60. మొత్తం 270. ఇంకో 20 తక్కువైంది కదా అంటారా? వదిలేయండి. 20కీ 30కీ తల పట్టుకుంటే ఈ పని నెల కూడా సాగదు.

ఇప్పుడు ఎంత తగ్గుతారో చెప్పాలి. ఇక్కడే ఎక్కువమంది నిరాశపడతారు. కేజీ కొవ్వుకి 7700 కేలరీలు అని ఒక పాత లెక్క ఉంది, 1958లో మాక్స్ విష్నోఫ్‌స్కీ అనే డాక్టర్ పౌండుకి 3500 అని రాసినదానికి ఇది కేజీల రూపం. దాని ప్రకారం రోజుకి 290 తగ్గిస్తే నెలకి కేజీ పైన, ఏడాదికి 13 కేజీలు దాటాలి. అలా జరగదు. బరువు తగ్గేకొద్దీ ఆ చిన్న ఒంటికి ఖర్చు కూడా తగ్గుతుంది. తడవాల్సిన ఎకరాలే తగ్గాయి, ఇక సీలేరు నుంచి అంత నీరు ఎందుకు దిగుతుంది? 2011లో కెవిన్ హాల్ అనే శాస్త్రవేత్త బృందం లాన్సెట్ అనే వైద్య పత్రికలో ప్రచురించిన లెక్క ఇంకా నిజాయితీగా ఉంటుంది. రోజుకి 24 కేలరీలు శాశ్వతంగా తగ్గిస్తే చివరికి ఒక కేజీ తగ్గుతారు, అందులో సగం తగ్గడానికి ఏడాది పడుతుంది. మన గృహిణికి 290 అంటే చివరికి 12 కేజీలు, మొదటి ఏడాది సుమారు 6.

ఆరేనా అనకండి. 72లో 6 అంటే 8 శాతం. 5 శాతం తగ్గినా షుగర్, బీపీ, రక్తంలో కొవ్వు మెరుగుపడటం మొదలవుతుంది. వచ్చే సంక్రాంతికి 66 కేజీలతో, జుట్టు ఊడకుండా, అన్నం తింటూ ఉన్న మనిషిని చూడండి. నాకైతే అంతకంటే మంచి ఫలితం ఏదీ కనపడదు.

సంక్రాంతి అంటే గుర్తొచ్చింది. కనుమ మర్నాడు మిషన్ ఎక్కి రెండు కేజీలు పెరిగానని టెన్షన్ పడతారు. రెండు కేజీల కొవ్వు పెరగాలంటే మీ ఖర్చు మీద 15,400 కేలరీలు అదనంగా తినాలి. మూడు రోజుల్లో అది దాదాపు కుదరదు. అది ఉప్పు, అన్నం, వాటితో నిలిచిన నీరు. నాలుగైదు రోజుల్లో దిగిపోతుంది. డైటింగ్ మొదలుపెట్టిన మొదటి వారం గబుక్కున తగ్గేది కూడా ఎక్కువగా నీరే. మన వైపు "ఇంకొంచెం వేసుకోండి" అనకపోతే మర్యాద తక్కువైనట్టు. పండగ పూట ఆ మర్యాదని కాదనకండి, పూతరేకు తినండి. మిగతా రోజుల్లో లెక్క సరిగ్గా ఉంటే చాలు.

టైం అయిపోతోంది, మిగతావి గబగబా చెప్పేస్తాను.

పొద్దున్నే ఒకే సమయానికి బరువు చూసుకోండి, వారం సగటు రాసుకోండి, ఒక్కరోజు అంకె పట్టించుకోవద్దు. నాలుగు వారాలు అయ్యాక కూడా సగటు కదలకపోతే ఇంకో 100 తగ్గించండి లేదా రోజుకి అరగంట ఎక్కువ నడవండి. వారానికి కేజీ చొప్పున తగ్గిపోతుంటే తిండి పెంచండి, శివారు ఎండుతోందని అర్థం.

కండ పోకుండా ఉండాలంటే పూటపూటకీ ప్రోటీన్ ఉండాలి. పప్పు, పెరుగు, గుడ్డు, శీలావతి చేప ముక్క, రొయ్యలు, మనకి ఇక్కడ కొరత లేదు. వారంలో రెండు రోజులు బరువులెత్తే పని ఏదైనా చేయండి. కుర్చీలోంచి చేతులు ఆనకుండా పదిసార్లు లేచి కూర్చోవడంతో మొదలుపెట్టినా సరే.

నాలుగైదు కేజీలు తగ్గాక సూత్రంలో కొత్త బరువు వేసి మళ్లీ లెక్క చూడండి. మన గృహిణి ఏడాది తర్వాత 66కి వస్తే ఆవిడ రోజు ఖర్చు సుమారు 1700 అవుతుంది.

గర్భిణులు, పాలిచ్చే తల్లులు, 18 లోపు పిల్లలు, కిడ్నీ సమస్య ఉన్నవాళ్లు ఈ లెక్క సొంతంగా వేసుకోకండి. ఇన్సులిన్ గానీ షుగర్ మాత్రలు గానీ వాడేవాళ్లు తిండి తగ్గించే ముందే మీ డాక్టర్‌ని కలవండి. తిండి తగ్గించి మందు పాత డోసే వేసుకుంటే షుగర్ పడిపోవచ్చు, డోసు ఎంత మార్చాలో ఆయనే చెప్పాలి.