ల్యాప్‌టాప్ కీబోర్డు మొరాయిస్తోందా? స్క్రూలు విప్పే ముందు ఇది చూడండి

(తెరపై: లాగిన్ స్క్రీన్. పాస్‌వర్డ్‌లో ఒక అక్షరం పడటం లేదు.)

నమస్తే, కడప నుంచి మాట్లాడుతున్నా. పాస్‌వర్డ్‌లో ఒక్క అక్షరం పడకపోయినా ల్యాప్‌టాప్ లోపలికి పోనివ్వదు. టెన్షన్ వద్దు. విండోస్ 11లో కింద కుడి మూల మనిషి బొమ్మ కనిపిస్తుంది. అది నొక్కి ఆన్‌స్క్రీన్ కీబోర్డు తెరవండి, మౌస్‌తో టైప్ చేయండి.

లోపలికి వెళ్లాక విండోస్ కీ, కంట్రోల్, ఓ మూడూ కలిపి నొక్కితే అదే కీబోర్డు మళ్లీ వస్తుంది. ఇప్పుడు అసలు కీబోర్డు మీద ఒక్కో కీ నొక్కుతూ పోండి. నొక్కినది తెర మీద వెలగాలి. ఏదీ ముట్టుకోకుండానే ఒకటి వెలుగుతూ ఉందంటే, ఆ కీ కిందికి దిగి ఇరుక్కుపోయిందన్నమాట.

(తెరపై: అడ్డం, నిలువు గీతల బొమ్మ)

కాస్త ఇక్కడ ఆగుదాం. ఒక్కో కీకి విడిగా వైరు ఉండదు. లోపల అడ్డం గీతలు, నిలువు గీతలు ఉంటాయి, అవి కలిసే చోట కీ. ఒక గీత తెగితే దాని మీదున్న కీలన్నీ పోతాయి, అవి పక్కపక్కనే ఉండాలని లేదు. అందుకే ఒక్క కీ పోతే దుమ్మును అనుమానించండి. అక్కడక్కడా నాలుగైదు ఒకేసారి పోతే లోపలి గీత. అన్నీ పోతే కీబోర్డును లోపలి బోర్డుకు కలిపే రిబ్బన్ కేబుల్ ఊడిందో, కీబోర్డును విండోస్‌తో కలిపే సాఫ్ట్‌వేర్, అంటే డ్రైవర్, చెడిందో. డ్రైవరైతే విండోస్‌లోని డివైస్ మేనేజర్‌లో కీబోర్డును అన్ఇన్‌స్టాల్ చేసి రీస్టార్ట్ చేస్తే చాలు.

చెడిపోకుండానే చెడినట్టు కనిపించేవీ ఉన్నాయి. చిన్న ల్యాప్‌టాప్‌లలో జె నొక్కితే 1, కె నొక్కితే 2 పడుతున్నాయా? నమ్‌లాక్ తీసేయండి. కీ చాలాసేపు పట్టుకుంటేగానీ అక్షరం రావట్లేదా? కుడి షిఫ్ట్ ఎనిమిది సెకన్లు నొక్కి ఉంచితే, చిన్న నొక్కులను పట్టించుకోని ఫిల్టర్ కీస్ ఆన్ అవుతుంది. సెట్టింగ్స్‌లో ఆపేయండి.

ఇక దుమ్ము. ఎర్రగుంట్ల వైపు బండలు కోసే యూనిట్ల ఆఫీసుల్లో వాడే ల్యాప్‌టాప్‌లకు ఇదే పెద్ద గొడవ. ఆఫ్ చేసి, దాదాపు నిలువుగా వంచి, మెత్తని బ్రష్‌తో దులపండి, బ్లోయర్‌తో ఊదండి. పిన్నీసుతో కీ పైకి లేపొద్దు. కింద కత్తెరలా ముడిచిన ప్లాస్టిక్ ముక్క చాలా పలచన. అది విరిగితే పదిలంగా ఉన్న కీ కూడా పోయినట్టే.

(తెరపై: టీ ఒలికిన కీబోర్డు)

టీ పడితే వెంటనే పవర్ బటన్ పట్టుకుని ఆపేయండి, ఛార్జర్ పీకండి, బోర్లా పెట్టండి. బియ్యంలో పెట్టడం దండగ. తేమ ఆరినా చక్కెర అక్కడే ఉంటుంది. లోపల విప్పి ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచేదాకా ఆన్ చేయకండి.

కీబోర్డు, టచ్‌ప్యాడ్ పైకి ఉబ్బినట్టుంటే మాత్రం అది బ్యాటరీ. నొక్కి సరిచేయాలని చూడకండి, ఛార్జింగ్ పెట్టకండి, షాపుకు తీసుకెళ్లండి.

మార్చక తప్పదంటే, చాలా మోడళ్లలో కీబోర్డును పై ప్యానెల్‌కు ప్లాస్టిక్ రివెట్లతో అతికించేస్తారు. అలాంటివి మార్చడం ఇంట్లో చేసే పని కాదు. కడపలో ఏడు రోడ్ల దగ్గరి షాపులోనైనా, మీ ఊళ్లోనైనా ముందే అడగండి: కీబోర్డు ఒక్కటే మారుస్తారా, ప్యానెల్‌తో కలిపా? పాత కీబోర్డు వెనక పార్ట్ నంబరు ఉంటుంది, కొత్తదానితో పోల్చండి. డబ్బులిచ్చే ముందు ఇందాకటి ఆన్‌స్క్రీన్ కీబోర్డు తెరిచి, ఫంక్షన్ కీలతో సహా అన్నీ నొక్కి చూసుకోండి.