నిన్నటి పిల్లాడు కాదు

అందరికీ నమస్కారం.

ఇందాక నేను లోపలికి వస్తుంటే మూడో వరుసలో ఒక పాపాయిని వాళ్ల పెద్దమ్మ ఎత్తుకోబోయింది. పాప బిగుసుకుపోయి, తల్లి మెడ గట్టిగా పట్టుకుని ఒకటే ఏడుపు. "మొన్నటిదాకా ఎవరు చేతులు చాపినా వెళ్లేది. దిష్టి తగిలిందో ఏమో" అని ఆ తల్లి నొచ్చుకుంది. ఎన్నో నెల అని అడిగితే తొమ్మిదో నెల అంది. ఇవాళ నేను చెప్పాలనుకున్న మాట ఆ పాపే చెప్పేసింది. "మొండికేస్తోంది", "పాడైపోయాడు" అని మనం బాధపడే మార్పుల్లో చాలావరకు ఆ వయసుకి కొత్తగా వచ్చిన తెలివే.

నాలుగైదు నెలల బిడ్డ ముందు గిలక్కాయ మీద తువ్వాలు కప్పి చూడండి. ఆ క్షణం నుంచి గిలక్కాయ లేనట్టే ఉంటుంది. 8 నెలలు దాటాక అదే బిడ్డ తువ్వాలు లాగేసి వెతుకుతుంది. కనపడనిది కూడా ఎక్కడో ఉంటుందని తెలిసింది కదా, ఇక అమ్మ వంటింట్లోకి వెళ్లినా ఏడుపే. అమ్మ ఉంది, నా దగ్గర లేదు, అదీ బాధ. దోబూచికి అంతలా నవ్వేదీ ఈ వయసులోనే. కాబట్టి ఆ పెద్దమ్మగారు ఏమీ అనుకోకుండా కాసేపు పక్కన కూర్చుంటే చాలు, పాపే చెయ్యి చాపుతుంది.

రెండేళ్ల వయసు గురించి ఎక్కువ చెప్పను, మీ ఇళ్లలో రోజూ వింటున్నారు. "వద్దు", "నాది", "నేనే". కావలసినవి బోలెడు, చెప్పడానికి మాటలు కొన్నే. అందుకే నేల మీద పడి దొర్లడం. "స్నానం చేస్తావా?" అంటే వద్దు అనే వస్తుంది. "ఎర్ర చెంబా, నీలం చెంబా?" అని అడగండి. చాలాసార్లు పనిచేస్తుంది.

నాలుగేళ్ల దగ్గర మాత్రం ఆగాలి, ఎందుకంటే అక్కడ నేను తప్పు చేశాను. ఒక మధ్యాహ్నం అలమర పై అరలో ఉండాల్సిన బెల్లం అచ్చు సగం లేదు. మా అబ్బాయి గోడకి ఆనుకుని నిలబడ్డాడు, గడ్డం మీద బెల్లం తడి మెరుస్తోంది, వేళ్లు ఒకదానికొకటి అంటుకుపోయి ఉన్నాయి. "తిన్నావా?" అన్నాను. "చీమలు తినేశాయి" అన్నాడు. చెంప మీద కొట్టాను. దొంగతనం, ఆ పైన అబద్ధం అని నా కోపం. ఆ వేలి గుర్తులు ఈ రోజుకీ నా కళ్ల ముందే ఉన్నాయి.

ఆ అబద్ధం వెనక ఏముందో నాకు తర్వాత అర్థమైంది. మన ఇళ్లలో బిస్కెట్ల డబ్బాలో సూదీ దారం పెట్టుకుంటాం కదా. మూడేళ్ల పాపకి ఆ డబ్బా మూత తీసి చూపించి, మళ్లీ పెట్టేసి, "ఇప్పుడు తాతయ్య వస్తారు, ఇందులో ఏముందనుకుంటారు?" అని అడగండి. "సూదీ దారం" అనే చెప్తుంది. తనకి తెలిసింది అందరికీ తెలుసనే లెక్క. నాలుగు దాటి ఐదుకి వస్తుంటే "బిస్కెట్లు అనుకుంటారు" అని నవ్వుతుంది. హైన్జ్ విమ్మర్, జోసెఫ్ పెర్నర్ అనే ఇద్దరు మనస్తత్వ శాస్త్రవేత్తలు ఇలాంటి పరీక్షనే 1983లో ప్రచురించారు. వాళ్లది ఒక అలమరలోంచి ఇంకో అలమరలోకి మారిన చాక్లెట్ కథ. నా బుర్రలో ఉన్నది అమ్మ బుర్రలో లేదు అని తెలియనివాడు అబద్ధం ఎలా ఆడతాడు? మా వాడికి ఆ సంగతి అప్పుడే తెలుస్తోంది. తన గడ్డం నాకు కనపడుతోందన్నది ఇంకా తట్టలేదు, అంతే. అబద్ధాన్ని మెచ్చుకోమని నేను అనను. తెలిసి తెలిసి "తిన్నావా?" అని అడగడం మాత్రం మానేద్దాం. "బెల్లం తిన్నట్టున్నావు, ఈసారి కావాలంటే నన్నడుగు" అంటే అబద్ధానికి అవసరమే రాదు.

ఆరు, ఏడేళ్లకి "అన్నయ్యకే ఎక్కువ పాలు పోశావు" అనే గొడవలు తగ్గడం గమనించారా? సన్నటి పొడుగు గ్లాసులో పోస్తే ఎక్కువైనట్టు అంతకుముందు నిజంగానే అనిపిస్తుంది, అది పేచీ కాదు. ఇది గ్లాసుల్లో నీళ్లు పోసి చూపించినాయన స్విట్జర్లాండ్‌కి చెందిన జీన్ పియాజే. గోళీలాడే పిల్లల పక్కన చేరి నియమాలు ఎవరు పెట్టారని అడిగి, 1932లో పుస్తకమే రాశాడు. చిన్నవాళ్లకి నియమం దేవుడిచ్చినట్టు, మార్చకూడదు. పదేళ్లు దాటిన వాళ్లు అందరూ ఒప్పుకుంటే మార్చుకోవచ్చంటారు. మా బడి ఆవరణలో "తొండి! తొండి!" అని వినపడ్డప్పుడల్లా పరుగెత్తుకెళ్లి తీర్పు చెప్పేదాన్ని. తర్వాత మానేశాను. న్యాయం అంటే ఏమిటో వాళ్లు అక్కడే తేల్చుకుంటున్నారు.

ఐదేళ్లు లాలించు, పదేళ్లు దండించు, పదహారో ఏడు వస్తే స్నేహితుడిలా చూడు అని శ్లోకం ఉంది. పిల్లల వయసుని బట్టి మన తీరు మారాలన్నది బంగారం లాంటి మాట. ఆ మధ్య పదేళ్ల మాటే నేను ఒప్పుకోను. బడిలో పిల్లల్ని కొట్టకూడదని 2009 విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ చెప్తోంది. ఇంట్లో మాత్రం ఎందుకు కొట్టాలి?

ఇక పదమూడు నుంచి. తలుపు వేసుకోవడం, రాత్రి నిద్రపోకపోవడం, పొద్దున లేవకపోవడం. ఇందులో నిద్ర సంగతి బద్ధకం కాదు. ఈ వయసులో నిద్ర తెప్పించే మెలటోనిన్ రాత్రి ఆలస్యంగా విడుదలవుతుంది. వీళ్లకి 8 నుంచి 10 గంటల నిద్ర కావాలి. చీకటితోనే స్టడీ అవర్‌కి లేపి రాత్రి పదిన్నరకి వదిలే హాస్టళ్లలో ఆ గంటలు ఎక్కడివి? చేర్చేముందు ఫీజు అడిగినట్టే నిద్రవేళలూ అడగండి.

ఇంకొకటి, బండి తాళం. అమెరికాలో 2005లో కంప్యూటర్ మీద కారు నడిపే ఆట ఆడించి చూశారు. స్నేహితులు పక్కనుంటే 13 నుంచి 16 ఏళ్ల పిల్లలు ఒంటరిగా ఆడినప్పటికంటే బాగా ఎక్కువ సాహసం చేశారు. 24 దాటిన వాళ్లలో ఆ తేడా దాదాపు లేదు. "మా వాడు నెమ్మదిగా నడుపుతాడండీ" అని మీరనేది నిజమే, మీరు వెనక కూర్చున్నప్పుడు. ఇద్దరు స్నేహితులు ఎక్కాక ఆ బండి నడిపేది వేరే పిల్లాడు. ఆలోచించి ఆగమని చెప్పే మెదడు భాగం దాదాపు పాతికేళ్లదాకా ఎదుగుతూనే ఉంటుంది. 2019లో సవరించిన మోటారు వాహనాల చట్టం ప్రకారం మైనర్‌కి బండి ఇస్తే 25,000 రూపాయల జరిమానా, 3 ఏళ్ల దాకా జైలు పెద్దవాళ్లకే. జరిమానా కట్టగలం. నేను పాఠం చెప్పిన పిల్లల్లో ఒకడి బెంచీ ఒక ఆగస్టు నుంచి ఖాళీగా ఉండిపోయింది.

ఫోన్ గురించి అడగాలని చాలామంది చీటీలు పంపారు, నా చేతిలోనే ఉన్నాయి. వాటితోనే మొదలుపెడదాం. మొదటి చీటీ ఏడో తరగతి పాప వాళ్ల అమ్మగారిది.