రూములో ఏమున్నాయి?

సార్లకు, మేడమ్‌లకు నమస్కారం. తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, నేనూ మీలాగే మహబూబ్‌నగర్‌లో రూము తీసుకుని చదువుకున్నవాణ్నే. మెట్టుగడ్డలో ఒకటే గది, ముగ్గురం. బియ్యం ఊళ్లనుంచి వచ్చేవి. తిప్పలన్నీ కూరకే. నెలాఖరుకు తొక్కు, మరీ ధైర్యం చేస్తే కోడిగుడ్డు.

వంటల సైట్లు అప్పటికే బోలెడున్నాయి. అవన్నీ ‘ఏం వండుకుంటావు?’ అని అడిగేవే. రూములో ఉండేవాణ్ని ‘ఏమున్నాయి, జేబులో ఎంతుంది?’ అని అడగాలి. ఉన్న సరుకులు కొడితే ఏం వండుకోవచ్చో చెప్పే నా సైటు అక్కడ మొదలైంది.

లోపలి పని బ్రహ్మవిద్యేం కాదు. వంటలకో పట్టిక, సరుకులకో పట్టిక, ఏ వంటకు ఏ సరుకు ఎంతో చెప్పేది ఇంకోటి. మీ డేటాబేస్ క్లాసులో చెప్పేదే. మొదటిరోజు మా రూమ్మేట్ ఉల్లిగడ్డ, చింతపండు, పచ్చిమిరపకాయలు అని కొట్టాడు. ‘ఏమీ దొరకలేదు’ అని వచ్చింది. చింతపండు నానబెట్టి పిసికి, ఉల్లిగడ్డ, మిరపకాయలు చేత్తో నలిపితే పచ్చి పులుసు కాదా! చూస్తే, వాడు ఉప్పు కొట్టలేదు. ఉప్పుందని ఎవడు టైపు చేస్తాడు? ఉప్పు, పసుపు, నూనె, పోపుగింజలు ఉన్నట్టే లెక్కేయమని మార్చాను. అన్నీ ఉన్న వంటలు ముందు, ఒక్కటి తక్కువైనవి ఆ తర్వాత.

అసలు చుక్కలు చూపించినవి పేర్లు. నేను బుద్ధిగా బంగాళాదుంప, వెల్లుల్లి, గోంగూర అని ఎక్కించాను. మనవాళ్లు కొట్టేది ఆలుగడ్డ, ఎల్లిగడ్డ, పుంటికూర. అదీ సగంమంది ఇంగ్లిష్ అక్షరాల్లో, ఎవరికి తోచిన స్పెల్లింగు వాళ్లది. అనపకాయ మరీ తలనొప్పి. మన పాలమూరులో అది చిక్కుడు జాతి కాయ. కోస్తావాళ్ల ఆనపకాయేమో సొరకాయ. ఇంగ్లిష్ అక్షరాల్లో ఆ దీర్ఘం ఎక్కడ కనబడుతుంది? అందుకని ఒక్కో సరుకుకు ఒక నంబరిచ్చి, దానికెన్ని పేర్లుంటే అన్నీ వేరే పట్టికలో పెట్టాను. అనపకాయ అంటే మాత్రం ‘ఏది?’ అని సైటే తిరిగి అడుగుతుంది. కోడ్ రాయడానికి వారం పట్టింది. పేర్లకు నాలుగు నెలలు, అమ్మనూ రైతుబజారు అవ్వలనూ సతాయించి మరీ.

ధర దగ్గరా బోల్తా పడ్డాను. కూరలో పడేది చిటికెడు జీలకర్ర కదా, రూపాయి అని వేశాను. కిరాణా కొట్లో రూపాయి జీలకర్ర ఎవరిస్తారు? ప్యాకెట్టే కొనాలి. ఇప్పుడు రెండు అంకెలు కనిపిస్తాయి: ప్లేటుకు ఎంత పడుతుంది, ఇవాళ జేబులోంచి ఎంత పోతుంది. ఇరవయ్యో తారీఖు దాటాక మొదటి అంకె ఎవరూ చూడరు.

ఇండక్షన్ పొయ్యి పెడితే కరెంటు ట్రిప్పయి, ఓనరు కేకలేసే రూములున్నాయి. వాళ్లకోసం ‘రైస్ కుక్కర్ ఒక్కటే’, ‘పొయ్యి అక్కర్లేదు’ అని రెండు బటన్లు పెట్టాను.

సరే, ల్యాప్‌టాప్ తెరుస్తున్నా. వెనక బెంచీలో నవ్వుతున్న తమ్ముడూ, నీ రూములో ఇప్పుడేమున్నాయో చెప్పు.