గొంతు ముందు, బొమ్మ తర్వాత

శ్రోతలకు నమస్కారం.

ఇవాళ మీకు ఒక కార్టూన్ సీరియల్ గురించి చెప్తాను. దాన్ని ఏ ఛానెల్లోనూ వెతకకండి, దొరకదు, ఎందుకంటే ఇంకా ఎవరూ తీయలేదు. తీస్తే బాగుండునని నా మనసులో ఉన్న సీరియల్ అది. పేరు కూడా పెట్టేశాను, 'సెవెన్త్ బి'. హైదరాబాద్‌లో చిక్కడపల్లికీ రాంనగర్‌కీ మధ్య ఏదో ఒక గల్లీలో మూడంతస్తుల బడి, కింద జిరాక్స్ షాపు, పైన వాటర్ ట్యాంకు, మధ్యలో ఏడో తరగతి బి సెక్షన్. గ్రౌండ్ లేదు కాబట్టి పిటి పీరియడ్ కూడా లెక్కల సారే తీసుకుంటారు. ఇలాంటి బడి మీకు తెలిసే ఉంటుంది, మీ పిల్లలు అందులోనే చదువుతూ ఉండొచ్చు కూడా.

కార్టూన్లు చాలానే ఉన్నాయి కదా, ఇంకొకటి ఎందుకు అని అడగొచ్చు. ఉన్నాయి. ఛోటా భీమ్‌ని తయారు చేసింది మన హైదరాబాద్ కంపెనీ గ్రీన్ గోల్డే, 2008లో టీవీలోకి వచ్చింది, దేశం మొత్తం చూసింది. కానీ భీమ్ తినే ఆ లడ్డూలు చిన్నపిల్లల కోసం. ఆరో తరగతికి రాగానే "అది చిన్నపిల్లల షో" అని మొహం తిప్పేసుకుంటారు, ఎదురుగా తమ్ముడు చూస్తుంటే వెనక నుంచి దొంగచూపులు చూస్తారు, అది వేరే సంగతి. ఆరు, ఏడు, ఎనిమిది తరగతుల వాళ్ళ కోసం, వాళ్ళు మాట్లాడే మాటల్లో, వాళ్ళ మీదే నవ్వుకునే కార్టూన్ మనకి ఒకటి ఉండాలి. ఆ వయసులో జరిగేదంతా కామెడీయే, జరుగుతున్నప్పుడు మాత్రం వాళ్ళకి ప్రాణాంతకంగా ఉంటుంది.

సరే, ఒక ఎపిసోడ్ చెప్తాను. మొత్తం చెప్తాను.

లెక్కల పీరియడ్. ఆఫీసు రూమ్ నుంచి పిలుపు వచ్చింది. సారు చాక్‌పీస్ క్లాస్ లీడర్ శ్రావణి చేతిలో పెట్టి, "ఎవరు మాట్లాడితే వాళ్ళ పేరు బోర్డు మీద రాయి" అని వెళ్ళారు. మెట్ల మీద ఆయన చెప్పుల చప్పుడు దూరమవుతుంటే క్లాసంతా ఊపిరి బిగబట్టి వింటోంది. చప్పుడు ఆగింది. రెండో బెంచీలోంచి కిట్టు మెల్లగా అడిగాడు, "నా పేరు రాసినవా?"

రాయలేదు. అప్పుడు రాసింది.

"నేనేం మాట్లాడిన?" అన్నాడు. పేరు పక్కన ఒక ఇంటూ పెట్టింది. "అదేంది, అడిగితే కూడా మాట్లాడినట్టేనా?" ఇంకో ఇంటూ. "అరే, ఇది అన్యాయం!" ఇంకొకటి. ఇలా తను మాట్లాడలేదని నిరూపించుకోవడానికి మాట్లాడీ మాట్లాడీ కిట్టు ఏడు ఇంటూలు సంపాదించాడు.

దాంతో మిగతా వాళ్ళకి జ్ఞానోదయమైంది. నోరు తెరవకూడదు. ఇక సైగలు మొదలు. ఒకడు ఉప్పూకారం చల్లిన జామకాయ ముక్క చూపించి, బోర్డు మీద తన పేరు వైపు వేలు చూపించి, తుడిచేసినట్టు గాల్లో చెయ్యి ఆడించాడు. ఒకమ్మాయి ఉస్మానియా బిస్కెట్లు రెండు ఎత్తి చూపింది. శ్రావణి తల అడ్డంగా ఊపింది. మూడు ఎత్తింది. శ్రావణి తల ఆగింది. ఈ బేరాలు చూసి వెనక బెంచీల్లో నవ్వులు, నవ్వితే మాట్లాడినట్టా కాదా అని ఒక సైగల చర్చ, ఆ గోల భరించలేక శ్రావణి గట్టిగా అరిచింది, "సైలెన్స్!"

ఇప్పుడు ఎవరు మాట్లాడినట్టు?

మూడో బెంచీలోంచి ఫర్హీన్ లేచింది. ఆ వారమే సోషల్ టీచర్ చెప్పారు, చట్టం ముందు అందరూ సమానమే అని. ఫర్హీన్ ఒక్క మాట మాట్లాడలేదు. నడుచుకుంటూ వెళ్ళి, బోర్డు కింద పడి ఉన్న చాక్‌పీస్ ముక్క తీసుకుని రాసింది, "శ్రావణి" అని. క్లాసంతా చప్పట్లు కొట్టబోయి ఆగిపోయింది. శ్రావణి వెంటనే ఫర్హీన్ పేరు రాసింది, పర్మిషన్ లేకుండా లేచినందుకు. ఇక రెండు చాక్‌పీసులు, రెండు పార్టీలు. అటు వాళ్ళ పేర్లు ఇటు వాళ్ళు, ఇటు వాళ్ళ పేర్లు అటు వాళ్ళు రాసుకుంటూ పోతే, బోర్డులో చోటు అయిపోయింది, చెక్క ఫ్రేమ్ మీద రాశారు, ఫ్రేమ్ కూడా అయిపోయింది.

చెప్పుల చప్పుడు. సారు వచ్చారు. బోర్డు చూశారు. చాలాసేపు చూశారు. క్లాసులో 48 మంది, బోర్డు మీద 47 పేర్లు.

"ఎవరి పేరు లేదు?" అని అడిగారు.

చివరి బెంచీలో కిటికీ పక్క నుంచి ఒకబ్బాయి లేచాడు. ఏడాది మధ్యలో వచ్చి చేరినవాడు. సారు మొహం వెలిగిపోయింది. "చూడండర్రా, ఇతన్ని చూసి నేర్చుకోండి" అన్నారు. ఆ వయసులో ఒక పిల్లాడికి ఇంతకంటే పెద్ద శిక్ష ఉండదు.

వాడి కళ్ళలో నీళ్ళు తిరుగుతున్నాయి. "సార్, నేను కూడా మాట్లాడిన" అన్నాడు. సారు నమ్మలేదు. క్లాసంతా వాణ్ణి కాపాడుదామని, మంచి మనసుతోనే, "లేదు సార్, వీడు మాట్లాడలే" అని అరిచింది. నిజానికి వాడు మొదటి నుంచీ మాట్లాడుతూనే ఉన్నాడు. ఇక్కడే నాకు కార్టూన్ అంటే ఇష్టం. ప్రతి షాట్‌లోనూ తెర మూలన వాడి నోరు కదులుతూనే ఉంటుంది, పక్కవాడికేదో చెప్తూనే ఉంటాడు, వాళ్ళూ పట్టించుకోలేదు, మనమూ పట్టించుకోలేదు. రెండోసారి చూస్తే గానీ తెలియదు.

అప్పుడు కిట్టు లేచి బోర్డు దగ్గరికి వెళ్ళాడు. చోటు లేదు. తన ఏడు ఇంటూల్లో మూడిటిని బొటనవేలితో తుడిచాడు. ఆ ఖాళీలో రాయబోయి ఆగి, వెనక్కి తిరిగి అడిగాడు, "నీ పేరేంది రా?"

"మహేశ్."

మహేశ్ అని రాశాడు. శ్రావణి అలవాటు కొద్దీ కిట్టు పేరు పక్కన ఇంకో ఇంటూ పెట్టింది. ఎపిసోడ్ అయిపోయింది.

చూశారా, ఇందులో సారు విలన్ కాదు, బఫూన్ కూడా కాదు. మన సినిమాల్లో లెక్చరర్లని ఏడిపించే కామెడీ చూసీ చూసీ నాకు విసుగొచ్చింది, అందుకే సారుని వదిలేశాను. ఆయన పాపం నిజంగానే ఆఫీసుకి వెళ్ళొచ్చారు.

ఇప్పుడు అసలు విషయం. ఇది తీయాలంటే ఏం చేయాలి? అందరూ బొమ్మలతో మొదలుపెడదామంటారు. కాదు. గొంతు ముందు, బొమ్మ తర్వాత. సొంతంగా తీసే కార్టూన్లలో మామూలుగా మాటలు ముందే రికార్డు చేస్తారు. ఆ శబ్దం వింటూ, ఏ ఫ్రేమ్ దగ్గర, అంటే తెర మీద వరసగా మారే నిశ్చల చిత్రాల్లో ఏ చిత్రం దగ్గర, ఏ అక్షరం పడుతోందో రాసుకుని, దానికి తగ్గట్టు నోరు గీస్తారు. డబ్బింగ్‌లో ఇది తలకిందులవుతుంది. అక్కడ నోరు ముందే కదిలిపోయి ఉంటుంది, మన రచయిత ఆ పెదవులు మూసుకున్న చోట ప, బ, మ లాంటి అక్షరం పడేలా మాటలు వెతుక్కోవాలి. చాలా నైపుణ్యం కావాలి దానికి, నేను తక్కువ చేయడం లేదు. కానీ ఎవరో కదిపిన పెదవులకి మన మాటలు అతికిస్తే, కిట్టు "అదేంది" అనలేడు. ఆ పెదవులు ఎంత సాగితే అంతే సాగాలి.

ఇంకొకటి. కార్టూన్లలో మగపిల్లల గొంతులు చాలాసార్లు పెద్దవాళ్ళవి, అందులోనూ ఆడవాళ్ళవి. అమెరికన్ కార్టూన్‌లో బార్ట్ సింప్సన్ అనే అల్లరి పిల్లాడికి 1987 నుంచీ గొంతు ఇస్తున్నది నాన్సీ కార్ట్‌రైట్ అనే ఆవిడ. కారణం తెలిసిందే, పిల్లాడు పెద్దవాడైపోతాడు, గొంతు మారిపోతుంది. పన్నెండు, పదమూడేళ్ళ వయసులో హార్మోన్ల వల్ల స్వరపేటిక పెరిగి, స్వరతంతువులు పొడవై, మందమై, మాట మధ్యలో కీచుమని, మళ్ళీ బొంగురుగా దిగుతుంది. నిర్మాతలకి అదొక టెన్షన్. నాకైతే అదే కావాలి! కిట్టు "ఇది అన్యాయం" అన్నప్పుడు 'న్యా' దగ్గర గొంతు చీలిపోవాలి, మూడో ఇంటూ అందుకే పడాలి. ఏ పెద్ద ఆర్టిస్టు నటించినా అది రాదు. ఏడో తరగతి పిల్లాణ్ణే మైకు ముందు కూర్చోబెట్టాలి.

పిల్లల్ని మైకు ముందు కూర్చోబెట్టడం మనకేం కొత్త కాదు. రేడియో అన్నయ్య న్యాయపతి రాఘవరావు గారు, అక్కయ్య కామేశ్వరి గారు ఆకాశవాణిలో ఏళ్ళ తరబడి చేసిన పని అదే, పిల్లల కార్యక్రమంలో పిల్లల చేతే మాట్లాడించారు, పాడించారు. టీవీ కార్టూన్ దగ్గరికి వచ్చేసరికి మనం ఆ పద్ధతి ఎందుకు మర్చిపోయామో నాకు అర్థం కాదు.

ఖర్చు సంగతి ఒక్క ముక్కలో చెప్తాను. సెకనుకి 24 ఫ్రేములు. అరగంట స్లాటులో ప్రకటనలు పోగా 22 నిమిషాలు అనుకుంటే 31,680 ఫ్రేములు. ఒక్కో బొమ్మని రెండేసి ఫ్రేములు నిలిపినా 15,840 బొమ్మలు, అదీ ఒక్క మనిషికి. క్లాసులో 48 మంది! అందుకే టీవీ కార్టూన్లలో ఒళ్ళు కదపకుండా కళ్ళూ నోరూ మాత్రం కదుపుతారు. చేతులు గీయడం ఇంకా కష్టం, చాలా కార్టూన్ బొమ్మలకి నాలుగు వేళ్ళే ఉండటానికి అదొక కారణం. అంటే మన జామకాయ బేరం సీనే అన్నిటికంటే ఖరీదు. అయినా తీసేయను. నాలుగేసి వేళ్ళ పిల్లలు లెక్కల క్లాసులో పది ఎలా లెక్కపెడతారన్నది ఇంకో ఎపిసోడ్‌కి దాచుకుంటాను.

అంత డబ్బు ఎవరు పెడతారో నేను చెప్పలేను. ఈ సెలవుల్లో ఇంట్లో ఒక్క పది సెకన్లు మాత్రం ఎవరైనా చేయొచ్చు, అది చెప్పి ముగిస్తాను. మీ పిల్లల్లో ఇద్దరిని కూర్చోబెట్టి, ఒకరు లీడర్, ఒకరు కిట్టు అనుకుని పోట్లాడుకోమనండి. ఫోన్లో రికార్డు చేయండి. "అలా కాదు, సరిగ్గా మాట్లాడు" అని మధ్యలో దిద్దకండి, దయచేసి దిద్దకండి. తర్వాత కాగితం మీద ఒక మొహం గీసి, నోరు లేకుండా వదిలేయండి. నోళ్ళు విడిగా ఆరు గీయించండి. మూసిన నోరు ఒకటి, అది ప, బ, మ లకి. బాగా తెరిచింది ఆ కి. పక్కలకి సాగింది ఈ, ఏ లకి. గుండ్రంగా ఉన్నది ఊ, ఓ లకి. కింది పెదవిని పళ్ళు తాకేది ఫ్యాన్ లోని ఫ కి. ఆరోది కొంచెం తెరిచింది, మిగతా వాటన్నిటికీ. మాట వింటూ, మొహం మీద నోరు మారుస్తూ, ఫోటో తర్వాత ఫోటో తీసుకుంటూ పోవాలి. సెకనుకి 12 ఫోటోలు చాలు. మూసిన నోరు మాత్రం శబ్దం కంటే ఒకటి రెండు ఫోటోలు ముందే పెట్టించండి, కంటికి సరిగ్గా అతుకుతుంది.

రికార్డింగ్ చేసే గదిలో గోడలు ఖాళీగా ఉంటే గొంతు మోగుతుంది కాబట్టి, బట్టల అలమర తలుపులు తెరిచి దాని ముందు కూర్చోబెట్టండి. ఫ్యాన్ ఆపేయాలి. మే నెలలో అయినా సరే, ఆ పది సెకన్లు ఆపేయాలి.

నమస్కారం.