ఈ మాట వీళ్లకెలా తెలిసింది?

అందరికీ నమస్కారం. మీలో చాలామంది తెలుగు వికీపీడియాలో కొత్తగా రాయడానికి వచ్చారు కాబట్టి నేరుగా ఒక లెక్కతో మొదలుపెడతాను.

పొట్టి శ్రీరాములు గారు ఎన్ని రోజులు నిరాహార దీక్ష చేశారు? కొన్నిచోట్ల 56 అని ఉంటుంది, కొన్నిచోట్ల 58. రెండింటికీ అచ్చయిన ఆధారాలు దొరుకుతాయి. కొత్తవాళ్లు ఏ అంకె ఎక్కువసార్లు కనిపిస్తే అది వేసేస్తారు. అలా చేయకండి, తేదీలు తీయండి. మద్రాసులో బులుసు సాంబమూర్తి గారి ఇంట్లో దీక్ష మొదలైంది 1952 అక్టోబరు 19న. శ్రీరాములు గారు కన్నుమూసింది డిసెంబరు 15 రాత్రి. అక్టోబరులో 13 రోజులు, నవంబరులో 30, డిసెంబరులో 15. మొత్తం 58. వికీలో మౌలిక పరిశోధన, అంటే ఎక్కడా అచ్చుకాని సొంత పరిశోధన, నిషిద్ధం కదా, మనం లెక్క కట్టొచ్చా అని మీకు సందేహం రావచ్చు. ఎవరైనా సరిచూసుకోగల మామూలు కూడికలు ఆ నిషేధం కిందికి రావు. తేదీలకు మూలం ఇవ్వండి, 56 అని రాసినవాళ్లూ ఉన్నారని ఒక వాక్యంలో చెప్పండి. ఒక మనిషి ప్రాణం పెట్టిన రోజులవి. మన చేతిలో రెండు రోజులు తగ్గిపోకూడదు.

పదిచోట్ల ఉన్నంత మాత్రాన ఎందుకు నమ్మకూడదో ఒక సంగతి చెబుతాను. 2009 ఫిబ్రవరిలో జర్మనీలో గుట్టెన్‌బెర్గ్ అనే నాయకుడు ఆర్థిక మంత్రి అవుతున్నాడు. ఆయన పేరు చాలా పొడుగు. ఎవరో జర్మన్ వికీపీడియాలో ఆ పేర్ల వరుస మధ్యలో 'విల్‌హెల్మ్' అని ఒకటి దూర్చారు. పెద్ద పత్రికలు దాన్ని అలాగే అచ్చేశాయి. వికీలో అనుమానం వచ్చి ఆధారం అడిగితే, అలా అచ్చేసిన పత్రిక కథనాన్నే చూపించారు! మన దగ్గర కూడా వికీ వ్యాసాన్ని ఎత్తి రాసుకునే వెబ్‌సైట్లు చాలా ఉన్నాయి. అనుమానం వస్తే వ్యాసం పైన 'చరిత్ర' నొక్కండి. ఆ వాక్యం ఏ రోజు చేరిందో కనిపిస్తుంది. మీరు చూపించబోయే కథనం ఆ తర్వాత వచ్చిందైతే, వాక్యాలూ అవే అయితే, దాన్ని వదిలేయండి.

గ్రామాల వ్యాసాల దగ్గరికి వద్దాం, నాకు ఇష్టమైన పని ఇది. జనాభాకు 2011 జనగణన ఉంది, ఇబ్బంది లేదు. చరిత్ర రాసేటప్పుడే చిక్కు. మనకు కైఫీయతులు, అంటే ఊళ్ల చరిత్ర రాసిపెట్టిన పాత రాతప్రతులు, ఉన్నాయి. 18వ శతాబ్దం చివర, 19వ శతాబ్దం మొదట్లో ఈస్టిండియా కంపెనీ సర్వే అధికారి కాలిన్ మెకంజీ కోసం కావలి సోదరులు, వాళ్ల మనుషులు ఊరూరా తిరిగి, కరణాలు చెప్పిందీ కవిలెల్లో, అంటే ఊరి లెక్కల పుస్తకాల్లో, ఉన్నదీ రాయించారు. ఎంత గొప్ప పనో! అయితే ఊళ్లో ఏ చెరువు ఉంది, ఎవరికి ఏ మాన్యం ఉంది అని కరణం చెబితే అది అతను కళ్లారా చూస్తున్న విషయం. కాకతీయ రాజు ప్రతాపరుద్రుడు ఈ గుడి కట్టించాడని అదే కరణం చెబితే, అది దాదాపు అయిదు వందల ఏళ్ల కిందటి సంగతి, అతను విన్న మాట. పేజీ ఒకటే, చెప్పినవాడూ ఒకడే. మొదటి మాటను ఆ కాలపు సమాచారంగా రాయండి. రెండోదానికి 'కైఫీయతు ప్రకారం' అని తప్పకుండా చేర్చండి.

గుడిలో శాసనం ఉంటే పురావస్తు శాఖ వేసిన శాసన సంపుటాల్లో వెతకండి. శాసనాన్ని సొంతంగా చదివి అర్థం చెప్పొద్దు, పండితులు చదివి అచ్చువేసిన పాఠాన్నే వాడండి. ఫలానా సంవత్సరంలో గుడి దీపానికి గొర్రెలు దానం ఇచ్చారని శాసనం అంటే, ఆ ఏటికి గుడి ఉందని తెలుస్తుంది. గుడిని ఆ సంవత్సరమే కట్టారని రాసేస్తున్నారు చాలామంది. శాసనం ఆ మాట అనలేదు.

పత్రికల గురించి ఎక్కువ చెప్పను. ప్రమాదం ఎక్కడ జరిగింది, పురస్కారం ఎవరికి వచ్చింది లాంటివాటికి బాగా పనికొస్తాయి. ఎన్నికల ముందు నాయకుల మీద వచ్చే పొగడ్తల కథనాలతో మాత్రం జాగ్రత్త. 2009 ఎన్నికల్లో డబ్బు తీసుకుని వార్తలు వేసిన వ్యవహారం మీద ప్రెస్ కౌన్సిల్ ఉపసంఘం నివేదిక రాయాల్సి వచ్చిందంటే, ఆంధ్రప్రదేశ్ సంగతి కూడా అందులో ఉందంటే, పరిస్థితి అర్థం చేసుకోండి.

ప్రతి వ్యాసానికీ ఉండే చర్చ పేజీలో ఎక్కువగా వినిపించే మాట ఒకటుంది: "మా ఊరి గురించి మాకు తెలియదా?" తెలుసు. చాలాసార్లు వాళ్లు చెప్పేదే నిజం. కానీ చదివేవాళ్లు దాన్ని సరిచూసుకునే దారి ఉండాలి. అచ్చులోకి ఎక్కని ఊళ్లు, చేతివృత్తులు, ఆడవాళ్ల పనులు మన భాషలో ఎన్నో ఉన్నాయి. వాటిని ఆధారం లేదని తీసేయాల్సి వచ్చినప్పుడు నాకు నిజంగా బాధేస్తుంది. అలాంటప్పుడు ఆ సంగతి చెప్పినవాళ్లతో గౌరవంగా మాట్లాడండి. అండీ, మీరు చెప్పింది ఒక పత్రికకు వ్యాసంగా రాయండి, సంపాదకులు చూసి వేస్తే మేం దాన్ని మూలంగా పెట్టుకుంటాం అని చెప్పండి. వాళ్లు రాయలేకపోతే మీరే కూర్చుని రాసిపెట్టండి.

ఇప్పుడు ల్యాప్‌టాప్‌లు తెరవండి. ఎవరి ఊరి వ్యాసం వాళ్లు తీయండి. మూలం లేని మొదటి వాక్యం దగ్గర ఆగి, అది రాసినవాళ్లకు ఆ సంగతి ఎలా తెలిసి ఉంటుందో పక్కవాళ్లతో మాట్లాడండి. పావుగంటలో నేను ఒక్కొక్కరి దగ్గరికీ వస్తాను.